దిండు మీద అతుకు

ప్రదర్శనశాల, కింది అంతస్తు సామాను గది
జూన్ 4

అక్కా,

నీ చెల్లెలికి మొత్తానికి పెద్ద పని అప్పగించారు. ఏం పనో తెలిస్తే బావ పడీ పడీ నవ్వుతాడు. దిండ్ల చరిత్ర! అవును, రోజూ మనం తల పెట్టుకునే దిండే. సెప్టెంబరు ఒకటిన మా ప్రదర్శనశాలలో దిండ్ల ప్రదర్శన మొదలవుతుంది. ప్రతి దిండు పక్కనా ఒక చీటీ ఉంటుంది కదా, అది ఎప్పటిది, ఎవరు చేశారు, ఎలా వాడారు అని. ఆ చీటీలన్నీ రాయాల్సింది నేనే.

ఇక్కడికొచ్చిన దిండ్లు చూస్తే నీకు నిద్ర ఎగిరిపోతుంది. చెక్కవి, పింగాణీవి, రాతివి కూడా ఉన్నాయి. పూర్వం కొన్నిచోట్ల జుట్టు ముడి చెదరకూడదని మెడ కింద చిన్న చెక్కపీట లాంటిది పెట్టుకుని పడుకునేవారట. ఎవరూ లేనప్పుడు చూసి దాని మీద ఒక్క నిమిషం తల పెట్టాను. మెడ పట్టేసింది. రెండు రోజులు పక్కకి చూడాలంటే మనిషిని మొత్తం తిరగాల్సి వచ్చింది. మా పెద్దాయన (ఇక్కడి అధికారిని అందరం అలాగే అంటాం) "ఏమ్మా, పలకరిస్తే మెడ తిప్పడం లేదు, పెద్ద పని ఇచ్చేసరికి గర్వం వచ్చిందా?" అన్నారు. నిజం చెబితే ఉద్యోగం ఊడుతుందని గర్వాన్నే ఒప్పుకున్నాను.

మెత్తటి దిండు ఒకప్పుడు గొప్పింటి వస్తువట. తక్కినవాళ్ళు చెయ్యి మడిచి తల కింద పెట్టుకునేవారు. తర్వాత తర్వాత గడ్డి, ఊక, ఈకలు, ఉన్ని, దూది, ఏది దొరికితే అది కూరి కుట్టుకుంటూ ఇక్కడిదాకా వచ్చాం. అందుకే దిండంటే నాకిప్పుడు మహా గౌరవం పెరిగింది.

ఇక అసలు సంగతికి వస్తా. చివరి గదిలో చేతుల దిండు పెడుతున్నారు. మీ దుకాణంలో వేలాడదీసి అమ్మేదే, మంచం మీద కూర్చున్న మనిషికి వీపు ఆన్చి, రెండు పక్కలా చేతులు చాచినట్టు ఉంటుందే, అది. దాన్ని తయారుచేసే కంపెనీవాళ్ళు వాళ్ళ మొట్టమొదటి దిండుని మాకు దానంగా ఇచ్చారు. నిన్న పెట్టె విప్పి బయటికి తీశాను. ఎడం చేతి చివర నాలుగు వేళ్ళ వెడల్పున చదరపు అతుకు. కుట్టు వాలు అంతా అటు నుంచి ఇటు తిరిగి ఉంది, ఎడం చేతివాటం మనిషి కుట్టినట్టు. అక్కా, అది అమ్మ కుట్టు.

ఏడేళ్ళప్పుడు బడి అయ్యాక ఆసుపత్రి బట్టల గదికి వెళ్ళి అమ్మ బల్ల కింద కూర్చునేదాన్ని. ఆయాసంతో వెల్లకిలా పడుకోలేక, కూర్చుని కునుకుతూ పక్కకి ఒరిగిపోయే ఒక రంగులేసే మేస్త్రీ కోసం అమ్మ ఇలాంటిదే కుట్టింది. నా కళ్ళముందే కుట్టింది. కంపెనీ రాసిచ్చిన చీటీలో మాత్రం "మా స్థాపకులు స్వహస్తాలతో రూపొందించిన తొలి దిండు" అని ఉంది. అరికాలి మంట నెత్తికెక్కింది.

ఆ చీటీ మీద అమ్మ పేరుండాలి. అమ్మకి ఎనభై దాటాయి, ఇప్పుడు కాకపోతే ఇంకెప్పుడు? అమ్మని కూర్చోబెట్టి అన్నీ అడిగి రాయి. ఫోనులో అమ్మకి వినపడదు, నువ్వేమో ఫోనులో అన్నిటికీ "ఊఁ" అంటావు. అందుకే ఈ ఉత్తరం.

నీ
చెల్లి

---

పరుపుల దుకాణం, వెనక గది
జూన్ 14

చెల్లీ,

నీ ఉత్తరం చదివి మీ బావ నవ్విన నవ్వుకి ఏకిన దూదంతా గదిలో ఎగిరింది. "దిండు మీద తల పెట్టి జీతం తీసుకునేది మా మరదలు ఒక్కతే" అంటున్నాడు. ఆ చెక్క దిండు కొలతలు పంపమన్నాడు. ఎందుకంటే, ఇంటికొచ్చే చుట్టాల కోసమట. రెండో రోజే బయల్దేరతారట.

ఇక్కడ అంతా బాగానే ఉంది. అమ్మ దిట్టంగా ఉంది. నిన్న నేను కుట్టిన పరుపు చూసి "టాకాకీ టాకాకీ మధ్య మనిషి దూరి పడుకోవచ్చు" అంది. పనివాళ్ళిద్దరూ మొహాలు పక్కకి తిప్పుకుని నవ్వుకున్నారు. నాకు యాభై తొమ్మిదేళ్ళు వచ్చినా అమ్మ ముందు దబ్బనం పట్టుకుంటే కుట్టు వంకర పోతుంది.

ఆ దిండు సంగతి. అమ్మని అడగలేదు. అతుకులున్న దిండ్లు లోకంలో లక్ష ఉంటాయి. నువ్వప్పుడు ఏడేళ్ళ పిల్లవి, బల్ల కింద నుంచి నీకేం కనిపించింది? ఆ కంపెనీవాళ్ళతో నీకెందుకు తంటా. వాళ్ళు రాసిచ్చింది రాసి ఊరుకో.

వర్షాలు మొదలయ్యాయి. దూదికి చెమ్మ తగలకుండా చూసుకోవడమే సరిపోతోంది. ఉంటాను.

అక్క

---

ప్రదర్శనశాల
జూన్ 25

అక్కా,

నేను మూడు పేజీలు రాస్తే నువ్వు నాలుగు ముక్కల్లో తేల్చేశావు. వానల గురించి కూడా అంతకంటే ఎక్కువ రాసేదానివి. నీ ఉత్తరం పదిసార్లు చదివాను. "అది అమ్మ కుట్టలేదు" అని నువ్వు ఎక్కడా రాయలేదు. ఊరుకో అన్నావు, అంతే. ఎందుకు ఊరుకోవాలి?

కంపెనీ పాత పుస్తకం ఒకటి సంపాదించాను. వాళ్ళు ఇప్పటికీ అమ్మే ప్రతి చేతుల దిండుకీ ఎడం చేతి చివర ఆ చదరపు అతుకు వేస్తున్నారు కదా, అదెందుకో తెలుసా? "గాలి ఆడే కిటికీ" అట! "శాస్త్రీయంగా అమర్చిన గాలి కిటికీ వల్ల దిండు చల్లగా ఉండును" అని బొమ్మ వేసి, బాణం గుర్తు పెట్టి మరీ రాశారు. తళతళలాడే కొత్త గుడ్డ తాన్లకొద్దీ ఉన్నవాళ్ళు అతుకు ఎందుకు వేశారక్కా? ముందున్న దిండుకి అతుకుంది గనక. అది ఎందుకుందో తెలియక, తీసేస్తే ఏమవుతుందో అని భయపడి, గుడ్డిగా దాన్ని కూడా కాపీ కొట్టారు. నలభై ఏళ్ళుగా జనం దాన్ని కిటికీ అనుకుంటున్నారు.

పెద్దాయనకి చెప్పాను. ఆయన మంచివారే. అంతా విని, "నిన్ను నమ్ముతున్నానమ్మా. కానీ నా నమ్మకాన్ని చీటీ మీద అతికించలేను. ఆగస్టు ఇరవై లోగా రుజువు తీసుకురా. లేకపోతే వాళ్ళ మాటే ఉంటుంది" అన్నారు.

నీకేదో తెలుసు. తెలిసీ నోరు కట్టుకుని కూర్చున్నావు. నా చిన్నప్పుడు కూడా ఇంతే, నా పలక పగలగొట్టింది ఎవరంటే గోడ వైపు చూసేదానివి. నాకు కోపంగా ఉంది. నువ్వు సాయం చెయ్యకపోతే నేనే సెలవు పెట్టి వచ్చి అమ్మనే అడుగుతాను. తాడో పేడో తేల్చుకుంటాను.

చెల్లి

---

ఇల్లు, వంటగది
జూలై 16

చిట్టీ,

నీ ఉత్తరాన్ని మూడు వారాలు నా దిండు గలేబులో దాచుకున్నాను. పడుకున్నప్పుడల్లా గరగరమనేది. ఇంక నా వల్ల కాదు. అమ్మ పక్కింటికి వెళ్ళింది, వచ్చేలోపు రాసేస్తాను. నువ్వు చదివాక నన్ను తిట్టినా సరే.

ఆ దిండు అమ్మదే. కంపెనీకి పట్టుకెళ్ళింది నేను.

ఆ మేస్త్రీ కోలుకుని ఇంటికెళ్ళేటప్పుడు దిండు కూడా తీసుకెళ్ళాడు. కొన్నాళ్ళకి వాళ్ళావిడ దాన్ని ఉతికి తెచ్చి, "ఇక మా ఆయన పడుకునే నిద్రపోతున్నాడమ్మా" అని అమ్మకే ఇచ్చేసింది. అప్పటికి నాన్న పోయి ఏడాది. నాకు పందొమ్మిది. కంపెనీలో కుట్టేవాళ్ళు కావాలంటే వెళ్ళాను. చేత్తో కుట్టిన వస్తువు ఒకటి తెచ్చి చూపించాలన్నారు. నేను కుట్టినవన్నీ వంకర టింకర. అమ్మ పనికి వెళ్ళాక ఆ దిండు చంకన పెట్టుకుని వెళ్ళాను. యజమాని తిప్పి తిప్పి చూశాడు. వీపు ఆన్చి కూర్చుని చూశాడు. "ఎవరు కుట్టారు?" అన్నాడు. "నేనే" అన్నాను.

ఆ ఒక్క మాటతో ఉద్యోగం వచ్చింది. దిండు మాత్రం తిరిగి రాలేదు. అడిగితే "రేపు, ఎల్లుండి" అన్నాడు. ఆరు నెలలకి మా కుట్టు హాల్లోనే చేతుల దిండ్లు మొదలయ్యాయి. ఆ అతుకుతో సహా. నేనే వందలకొద్దీ కుట్టాను. "ఈ అతుకు ఎందుకు సార్?" అని ఒకమ్మాయి అడిగితే మేనేజరు "అది ఉండాలి" అన్నాడు. ఎందుకుందో ఆ హాల్లో తెలిసినదాన్ని నేనొక్కదాన్నే. నోరు విప్పితే నా అబద్ధం బయటపడుతుంది. తల దించుకుని కుట్టాను. ఇంట్లో అమ్మతో దిండు బస్సులో పోయిందని చెప్పాను. అమ్మ ఏమీ అనలేదు. తిట్టినా బాగుండేది.

నాలుగేళ్ళు చేసి పెళ్ళయ్యాక మానేశాను. ఇప్పుడు నా దుకాణంలో అవే దిండ్లు అమ్ముతున్నాను. అతుకు లేకపోతే నకిలీదని కొనరు. దాన్ని తాకినప్పుడల్లా నాకు ఎలా ఉంటుందో ఎవరికీ చెప్పలేదు, మీ బావకి కూడా.

సరే. ఇప్పుడు నీకు కావాల్సింది విను. అమ్మ కొత్త గుడ్డతో కుట్టలేదు. ఆసుపత్రిలో చిరిగి పనికిరాకుండా పోయిన దుప్పట్లని లెక్కలోంచి కొట్టేసేవాళ్ళు కదా, వాటితో కుట్టింది. దుప్పటి నడుమే పల్చబడుతుంది, అంచులు గట్టిగా ఉంటాయి, అమ్మ వాటినే వాడింది. ఆసుపత్రి ముద్ర ఉండేది ఆ అంచు మూలే. కొట్టేసిన దుప్పటిని దేనికి వాడినా ముందు ఆ ముద్రని చదరంగా కోసి రిజిస్టరులో అతికించాలి. లేకపోతే దుప్పటి దొంగతనం కింద లెక్క. అమ్మ ముద్ర కోసేసి, ఆ కన్నం మీద వేరే గుడ్డ అతుకు వేసింది. వాళ్ళ గాలి కిటికీ అదీ!

అతుకు విప్పి చూడండి. కింద కన్నం ఉంటుంది. ఆ కన్నంలోంచి కోసిన ముక్క ఆసుపత్రి రిజిస్టరులో అమ్మ సంతకం పక్కన ఉండాలి, చెదలు తినకపోతే.

అమ్మకి నేనింకా చెప్పలేదు. చెప్పే ధైర్యం లేదు. నువ్వు కూడా చెప్పకు. చీటీ మీద నా ఊసు ఎక్కడా రానివ్వకు. అదొక్కటే అడుగుతున్నాను.

నీ
అక్క

---

ప్రదర్శనశాల
జూలై 23

అక్కా,

నిన్ను తిట్టను. ఉత్తరం చదివి సామాను గదిలో తలుపేసుకుని ఏడ్చాను. పందొమ్మిదేళ్ళ పిల్లవి ఇంత మూట ఎత్తుకుని ఇన్నేళ్ళు ఒక్కదానివీ ఎలా మోశావే? నీ మొదటి జీతంతో నాకు బడి సంచీ కొన్నావు. ఎర్రది, రెండు జేబులది. నాకు బాగా గుర్తుంది.

ఇక పని మాట. పెద్దాయన ఒప్పుకున్నారు. పాత బట్టలు బాగుచేసే ఆవిడ ఉంది మా దగ్గర, ఊపిరి కూడా ఆచితూచి పీల్చే మనిషి. సన్నటి సూదితో అతుకు అంచున ఆరు టాకాలు విప్పింది. మేమంతా ఆవిడ భుజాల మీద నుంచి తొంగిచూస్తున్నాం. "ఉంది" అందావిడ. చదరపు కన్నం! ఒక మూల కొంచెం వంకరగా ఉంది. పక్కనే నీలం చార ఒకటి వచ్చి వచ్చి కన్నం దగ్గర తెగిపోయింది.

సగం గెలిచాం. ముక్క దొరికితే మొత్తం గెలుస్తాం. ఆసుపత్రికి ఫోను చేస్తే "అంత పాతవి ఉండవండీ" అని పెట్టేశారు. వాళ్ళని కదిలించాలంటే మనిషి వెళ్ళాలి. నువ్వున్న ఊళ్ళోనే ఉంది. ఇంక నాలుగు వారాలే ఉన్నాయక్కా. వెళ్తావా?

చెల్లి

---

పరుపుల దుకాణం
ఆగస్టు 11

చెల్లీ,

నిలబడి రాస్తున్నాను, కూర్చుంటే సంతోషం ఆగేలా లేదు. దొరికింది! దొరికిందే!

మూడు రోజులు తిరిగాను. ఆఫీసు గుమాస్తా రికార్డు గదికి పొమ్మన్నాడు, రికార్డు గదివాడు స్టోరుకి పొమ్మన్నాడు, స్టోరువాడు గుమాస్తా దగ్గరికే పొమ్మన్నాడు. తల ప్రాణం తోకకొచ్చింది. చివరికి అమ్మ పనిచేసిన బట్టల గదికే వెళ్ళాను. ఇప్పుడక్కడ ఒకాయన ఉన్నాడు, మొహంలో నవ్వన్నది మొలవలేదు. "కొట్టేసిన దుప్పట్ల రిజిస్టర్లా? ఉన్నాయి" అన్నాడు, చాలా మామూలుగా. రిజిస్టర్లని కూడా కొట్టేయాలంటే కమిటీ కూర్చుని సంతకాలు పెట్టాలట. ఆ కమిటీ నలభై ఏళ్ళుగా కూర్చోలేదట. ఇస్త్రీ బల్ల ఎత్తు చాలక దాని కాళ్ళ కింద తలా రెండు పెట్టారు! బల్ల ఎత్తడానికి నలుగురు మనుషులు కావాల్సి వచ్చారు. ఆరోది మనది.

పేజీ పేజీకీ ముద్ర ముక్కలు, జిగురు ఎండి గోధుమరంగు తిరిగాయి. కొన్ని పురుగు తినేసింది. నూట పన్నెండో పేజీలో అమ్మ గుండ్రటి అక్షరాలు: "కొట్టేసిన దుప్పటి ఒకటి. చేతులున్న దిండు కుట్టబడినది. పదకొండో మంచం రోగికి." తేదీ, సంతకం. పక్కన ముద్ర ముక్క, ఒక మూల వంకర. నీలం చార కూడా ఉంది. నేను అక్కడే గట్టిగా అరిచాను. ఆయన "ఆసుపత్రిలో నిశ్శబ్దం పాటించాలి" అన్నాడు.

కానీ రిజిస్టరు బయటికివ్వాలంటే అందులో సంతకం పెట్టిన మనిషి అర్జీ కావాలన్నాడు. అంటే అమ్మ. ఇంటికొచ్చి అరగంట గుమ్మంలో నిలబడ్డాను. అమ్మ "లోపలికి రావడానికి నీకు కూడా కమిటీ కూర్చోవాలా?" అంది. అప్పుడు చెప్పేశాను. దిండు, అబద్ధం, బస్సు, అన్నీ. అమ్మ కళ్ళద్దాలు తీసి తుడుచుకుంది.

"ఆ ఏడే కొట్టు అద్దాల్లో చూశానే ఆ దిండు. నా అతుకు నేను గుర్తుపట్టనా?" అంది.

"మరి నన్నెందుకు అడగలేదమ్మా?"

"నీ అంతట నువ్వు చెప్తావని చూశాను. ఇంత మొండిదానివనుకోలేదు. నలభై ఏళ్ళు తీసుకున్నావు."

నేను అమ్మ ఒళ్ళో తల పెట్టి చిన్నపిల్లలా ఏడ్చాను. అమ్మ నా వీపు నిమురుతూ, ఇంకో చేత్తో అర్జీ రాయడానికి కాగితం తెమ్మంది. రాసేసి సంతకం పెట్టింది. ఆ సంతకాన్ని బట్టల గది ఆయన పాత సంతకం పక్కన పెట్టి చూసి, "ఏం మారలేదే" అన్నాడు. అప్పుడు కొంచెం నవ్వాడు కూడా.

రిజిస్టరు బావ చేతికిచ్చి రేపటి బస్సులో పంపుతున్నాను. ఒళ్ళో పెట్టుకుని కూర్చోమన్నాను.

అక్క

---

ప్రదర్శనశాల
ఆగస్టు 19

అక్కా,

బావ రిజిస్టరుని ఒళ్ళో పెట్టుకుని, దాని మీద తువ్వాలు కప్పి, దారంతా రెప్ప వెయ్యకుండా వచ్చాడు. పక్కసీటు ఆవిడ పసిపిల్ల అనుకుని "ఎన్నో నెల?" అని అడిగిందట.

నిన్న తేలిపోయింది. కంపెనీ యజమాని వచ్చాడు, నీకు ఉద్యోగం ఇచ్చినాయన కొడుకు. కోటు వేసుకుని, కాలు మీద కాలేసుకుని కూర్చున్నాడు. "ముద్రలున్న దుప్పట్లు ఊరూరా ఉంటాయి, దీంతో ఏం రుజువవుతుంది?" అన్నాడు. బట్టలు బాగుచేసే ఆవిడ దిండు దగ్గరికి జరిగింది. కన్నం అంచుల్ని పల్చటి కాగితం మీద గీసుకుంది. ఆ కాగితం తీసుకొచ్చి నూట పన్నెండో పేజీలో ముక్క మీద పరిచింది. నాలుగు అంచులూ సరిపోయాయి. ఆ వంకర మూల కూడా సరిపోయింది. దిండులో తెగిపోయిన నీలం చార ముక్కలో వచ్చి కలిసింది. తేదీ చూస్తే వాళ్ళు మొదటి దిండు అమ్మామని చెప్పుకునే రోజుకి ఏడాది ముందు.

యజమాని కాలు కిందికి దించాడు. "మరి... గాలి కిటికీ..." అన్నాడు.

ఆవిడ అప్పుడు నోరు విప్పింది. "ఈ అతుకు దిండు గుడ్డ కంటే దళసరి అండీ. గాలి ఆడేమాటే ఉంటే దీన్ని వదిలేసి తక్కినచోట్ల ఆడుతుంది."

అక్కా, నాకు ఎగిరి గంతెయ్యాలనిపించింది. పెద్దాయన ఉన్నారని బల్ల పట్టుకుని నిలబడ్డాను. యజమాని లేచి "అయితే మా దిండు మాకిచ్చెయ్యండి" అన్నాడు. పెద్దాయన సొరుగులోంచి దానపత్రం తీసి ఆయన సంతకం చూపించారు. "ఇది ఇప్పుడు ప్రదర్శనశాలది సార్. మీరే ఇచ్చారు. చాలా సంతోషం" అన్నారు. కోటు మనిషి మొహం మాడ్చుకుని వెళ్ళిపోయాడు.

చీటీ రాసేశాను. నీ మాట ప్రకారం నీ ఊసు తేలేదు. ఒకటో తారీకున అమ్మని పంపు. నువ్వు కూడా రా.

చెల్లి

---

ప్రదర్శనశాల
సెప్టెంబరు 2

అక్కా,

నువ్వు రాలేదు. ఆసుపత్రికి నలభై దిండ్లు కుట్టివ్వాలన్నావు, నమ్మినట్టు నటించాను. ఏం జరిగిందో అమ్మ నీకు సగమే చెబుతుంది కాబట్టి నేను రాస్తున్నాను.

అమ్మ బావ చెయ్యి పట్టుకుని వచ్చింది. రాతి దిండు ముందు ఆగి "దీనికి గలేబు ఎవరు కుడతారు?" అంది. చుట్టూ ఉన్నవాళ్ళు నవ్వారు. చివరి గదికి వచ్చేసరికి జనం కిక్కిరిసి ఉన్నారు. గాజు పెట్టెలో దిండు, పక్కన తెరిచిపెట్టిన రిజిస్టరు, పక్కన చీటీ. ఇంటిపేరుతో సహా అమ్మ పూర్తి పేరు, దాని కింద "ఆసుపత్రి బట్టల గదిలో కుట్టుపనివారు. ఆయాసంతో పడుకోలేని ఒక రోగి కోసం లెక్కలోంచి కొట్టేసిన పాత దుప్పటితో ఈ దిండు కుట్టారు. ఈ రోజు ఇళ్ళలో వాడే చేతుల దిండ్లన్నిటికీ ఇదే మొదటిది" అని.

అమ్మ రెండుసార్లు చదివింది. పెద్దాయన చేతులు కట్టుకుని పక్కనే నిలబడ్డారు. "తప్పులేమైనా ఉన్నాయా అమ్మా?" అన్నారు.

"కత్తెర జారి మూల వంకరపోయిందని రాశారా?"

"లేదమ్మా."

"మంచిది. కానీ ఒక పేరు తక్కువైంది."

నేను అమ్మ చెయ్యి నొక్కాను. అమ్మ నా చెయ్యి విదిలించేసింది.

"ఎవరి పేరండీ?"

"మా పెద్దమ్మాయిది. దీన్ని కుట్టి నేను ఒక్క మనిషిని నిద్రపుచ్చాను. ఆ మనిషి లేచి వెళ్ళాక ఇది నా ఇంట్లో మూల పడి ఉండేది. దాన్ని ఇల్లు దాటించింది మా పెద్దమ్మాయి. పందొమ్మిదేళ్ళ పిల్ల. తండ్రి లేడు, చెల్లెలు చిన్నది, ఇంట్లో పొయ్యి వెలగాలి. తీసుకెళ్ళి నేనే కుట్టానని అబద్ధం చెప్పింది. చెప్పింది కాబట్టే ఇవాళ ఇంటింటా ఈ దిండుంది. ఎందరు ఆయాసంవాళ్ళు, ఎందరు బాలింతలు, ఎందరు ముసలివాళ్ళు దీనికి ఆనుకుని కునుకు తీశారో నాకు తెలీదు. అందులో సగం నాది, సగం దానిది. రాయండి."

పెద్దాయన "తప్పకుండా అమ్మా, ఈ వారంలో మార్పిస్తాను" అన్నారు. అమ్మ "కుర్చీ ఉందా?" అంది. కుర్చీ వేశారు. గాజు పెట్టె పక్కనే కూర్చుంది. "చీటీ మారేదాకా ఇక్కడే ఉంటాను" అంది. బావ ఎంత చెప్పినా లేవలేదు. వచ్చినవాళ్ళంతా దిండుని చూసి, అమ్మని చూసి, దణ్ణం పెట్టి వెళ్తున్నారు. మధ్యాహ్నం మూడింటికి కొత్త చీటీ వచ్చింది. అమ్మ అక్షరం అక్షరం వేలు పెట్టి చదివి, నీ పేరు దగ్గర ఆగి, "ఆఁ, ఇప్పుడు సరిపోయింది" అని లేచింది.

నీకిచ్చిన మాట తప్పాను. నేను కాదు, అమ్మ తప్పించింది. నన్ను ఏమైనా అను.

చెల్లి

---

పరుపుల దుకాణం
సెప్టెంబరు 6

చిట్టీ,

నిన్ను ఏమీ అనను. నీ ఉత్తరం దుకాణంలో పనివాళ్ళ ముందు చదవడం మొదలుపెట్టాను, మధ్యలో ఆపేస్తే మీ బావ మిగతాది అందుకున్నాడు. ఆయనా ఆపేశాడు. చివరి పేజీ అమ్మే తీసుకుని, కళ్ళద్దాలు పెట్టుకుని, మా అందరికీ చదివి వినిపించింది. తన మాటలు తానే చదువుతూ "బాగానే చెప్పానే" అంది.

ఆ నలభై దిండ్ల మాట నిజమే, నటించావు గానీ. ఆసుపత్రివాళ్ళే అడిగారు. వాటిలో ఒక్కదానికీ అతుకు వెయ్యలేదు. మంచి గుడ్డ ఉండగా అతుకెందుకని, బట్టల గది ఆయనకి చెప్పి ఒప్పించాను. పొద్దున అమ్మ ఒకటి తీసి తిరగేసి చూసింది. టాకాల మీద వేలు నడిపింది. ఒక్క వంకా పెట్టలేదు. దాని చేతులు మడిచి, మిగతావాటి మీద పెట్టి, ఇంకోటి అందుకుంది.

ఆదివారం దుకాణం మూసేసి వస్తున్నాను. పట్టుచీర కట్టుకుని వస్తాను, నవ్వకు. ఆ గాజు పెట్టె ముందు కాసేపు ఎవర్నీ అడ్డం నిలబడనివ్వకు. నా పేరు గట్టిగా, పైకి చదువుకోవాలి.

నీ
అక్క